మెత్తని వేళ్ళు

గిటారు తీసుకుపోదామని చోడవరంలో బస్సు దిగిన డిటెక్టివ్ గణపతిరావుకి ఆ గిటారు అమ్మినవాడు చచ్చిపోయాడన్న కబురు ఎదురొచ్చింది.

"ఎవరు?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. దయాసాగర్. మ్యూజిక్ కొట్టు దయాసాగర్. ఈవేళ ఆదివారం పొద్దున అందరూ చర్చిలో ఉన్న సమయంలో కొట్టు వెనక గదిలో కాలిపోయాడు. శవం ఇంకా అక్కడే ఉంది.

గణపతిరావు శవాలు చూడనివాడు కాదు. పోలీసు డిపార్టుమెంటులో చాలా ఏళ్ళు పనిచేసి, పైవాళ్ళతో పడక రాజీనామా పారేసి, విశాఖపట్నంలో సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నవాడు. అలాంటివాడు కూడా ఆ మాట వినగానే పరుగులాంటి నడకతో కొట్టు దాకా వచ్చాడు. కొట్టు అరుగు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పోయిన వారం ఇదే అరుగు మీద కూర్చోబెట్టి దయాసాగర్ అతని చేత గిటారు ఎంపిక చేయించాడు.

నలభై దాటాక గిటారు నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది గణపతిరావుకి. విశాఖపట్నంలో రెండు కొట్లు తిరిగాడు. ఒకడు నెమలి బొమ్మ వేసిన గిటారు చూపించి ఇంతకు మించింది లోకంలో లేదన్నాడు. ఇంకొకడు బీరువా తలుపు తియ్యకుండానే బేరం మొదలుపెట్టాడు. చోడవరం దయాసాగర్ దగ్గరికి పొమ్మని చివరికి ఎవరో చెప్పారు.

దయాసాగర్ అసలు గిటారే చూపించలేదు ముందు. "ఏదీ, మీ చెయ్యి సూపించండి," అన్నాడు. వేళ్ళ పొడవు చూసుకుని, గోడకి వేలాడుతున్న ఆరు గిటార్లూ ఒక్కొక్కటే దించి ఒళ్ళో పెట్టాడు. మెడలాంటి దండిని తుపాకీ గురి చూసినట్టు కంటికి ఎదురుగా పెట్టుకుని వంకర ఉందేమో చూడమన్నాడు. ప్రతి మెట్టు మీదా తీగ నొక్కి, ఎక్కడైనా జర్రుమంటుందేమో వినమన్నాడు. తీగలు బిగించే బిరడాలు తిప్పించాడు. తీగలు మోసే గుర్రం పెట్టె మీంచి లేచిపోతోందేమో గోరు పెట్టి వెతకమన్నాడు. "కళ్ళతో కొనకండి. కళ్ళకి మెరుపొక్కటే తెలుసు," అన్నాడు. కలకత్తా నుంచి వచ్చిన తళతళలాడే గిటార్లు ఒక్కొక్కటే గోడ మీదికి తిరిగి వెళ్ళిపోయాయి. చివరికి ఒళ్ళో మిగిలింది పనస చెక్కతో ఆ కొట్లోనే చేసిన సాదా గిటారు. ఒక్క తీగ మీటాడు గణపతిరావు. ఆ అదురు నేరుగా వచ్చి ఛాతీకి తగిలింది.

"ఇదే," అన్నాడు.

"నేనయినా ఇదే తీద్దును," అని నవ్వాడు దయాసాగర్. "తీగలు కొంచెం ఎత్తుగా ఉన్నాయి, కొత్త చేతికి కష్టం. దించి ఉంచుతాను. వచ్చే ఆదివారం చర్చి అయ్యేక రండి. మోసుకెళ్ళే పెట్టె, తీగల సెట్టు, శ్రుతి చూసుకునే పైపు, అన్నీ సిద్ధంగా ఉంటాయి." అంటూ ఎడమచేతి వేళ్ళ కొసలతో బల్ల మీద కొట్టాడు. చెక్క మీద గోళీలు రాలినట్టు టకటకమన్నాయి. "మొదట్లో మీ వేళ్ళు మండుతాయి. తర్వాత ఇలా తయారవుతాయి. తీగ మీద బతికినోడి చర్మం ఇంక ఎప్పటికీ ఇంతే."

ఆ మనిషి ఇప్పుడు లేడు. కొట్లోంచి స్పిరిటు వాసనా, తడిసిన బూడిద వాసనా కలిసి వస్తున్నాయి.

"ఏటి డిటెక్టివ్ గారూ! శవం వాసన వైజాగు దాకా కొట్టిందేటి?"

గణపతిరావు తలెత్తాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బంగార్రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచిలో ట్రైనింగు అయినవాళ్ళు. బంగార్రాజు పట్టుకున్న ఒక ముద్దాయిని గణపతిరావు కోర్టులో నిర్దోషిగా నిలబెట్టాడు. అప్పట్నుంచీ ఒకరంటే ఒకరికి పడదు.

"నేను గిటారు కోసం వచ్చాను."

"ఈ వయసులోనా?" బంగార్రాజు మీసాల్లో నవ్వాడు. "అయితే ఇంకో కొట్టు సూసుకోండి. ఇక్కడ మీకు పని నేదు. కేసు అయిపోయింది. మడిసి దొరికేడు."

అరుగు చివర సంకెళ్ళతో కూర్చున్న మనిషిని లాఠీతో చూపించాడు. తోమా. ఆ కొట్లో హార్మోనియంలూ, వయొలిన్లూ, గిటార్లూ బాగుచేసే పనివాడు. పనస గిటారు చేసింది ఇతనేనని దయాసాగరే ఆ రోజు చెప్పాడు.

"నిన్న మధ్యాన్నం ఈడు బజార్లో నిలబడి, నీ కొట్టు తగలెట్టేస్తానని అరిసేడు. బజారంతా ఇన్నాది. తగలెట్టిన పాలిష్ స్పిరిటు ఈడి సీసాలోదే. పెరటి తలుపు తాళంచెవి ఈడి మొలకే ఉంది. పొద్దున్న చర్చికి రానోడు ఈడొక్కడే. ఇంకేటి కావాలి?"

"ఒక్క మాట అడగొచ్చా?"

"అడగండి. ఉరి కంబం దాకా సాలా టైముంది."

గణపతిరావు తోమా ముందు గొంతుక్కూర్చున్నాడు. "తగలబెడతానని అన్నావా?"

"అన్నాను బాబూ," అన్నాడు తోమా. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "పనస గిటారు నా సేత్తో సేసేను. సెక్క ఆరబెట్టింది నేను, గీసింది నేను, అతికింది నేను. లోపలికి సూద్దును కదా, ఆయన పేరు సీటీ అతికించేసి ఉన్నాది. నా పేరెయ్యమన్నాను. నీ పేరు సూసి ఎవడు కొంటాడ్రా అన్నాడు. కడుపు మండిపోయి అనీసేను."

"తర్వాత?"

"పొద్దు వాలేటప్పటికి ఆయనే మా ఇంటికొచ్చేడు. సీటీ పీకేసేనురా, నీ పేరే ఎయ్యి అన్నాడు. ఇద్దరం ఒకే మంచం మీద కూకుని టీ తాగేం. అలాంటి మడిసిని నేనెందుకు సంపుకుంటాను బాబూ?"

"ఎవరు చూశారు?"

"మా అప్పలమ్మ సూసింది."

"పెళ్ళాం సాక్ష్యం!" అన్నాడు బంగార్రాజు జనం వైపు తిరిగి. కొందరు నవ్వారు.

"పొద్దున్న చర్చికి ఎందుకు వెళ్ళలేదు?"

"మా గుంటకి జరం బాబూ. ఒళ్ళు కాలిపోతంది. ఇడిసి రానేకపోయేను."

గణపతిరావు లేచాడు. అబద్ధం చెప్పేవాడు తనకు పనికొచ్చే సంగతి ముందు చెబుతాడు. ఇతను చేసిన బెదిరింపు ముందు ఒప్పుకున్నాడు. కాని ఆ మాట ఏ కోర్టులోనూ నిలవదు.

దయాసాగర్ భార్య కృపామణి వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. ఎదురింటి మంగాయమ్మ ఆమె భుజం పట్టుకుని ఉంది. లోపలికి తీసుకుపోదామని ఎంతమంది చూసినా ఆమె అక్కణ్ణించి కదలడం లేదట. వీధి చివరిదాకా వినిపించేటట్టు ఏడుస్తోంది.

"అమ్మా, నేను గణపతిరావుని. పోయిన వారం గిటారు చూసుకుని వెళ్ళాను," అన్నాడతను మెల్లగా.

ఆమె ఏడుపు ఆపి అతని వైపు చూసింది. "తెలుసు బాబూ. మీ కోసమే తీగలు దించేరు."

"నిన్న సాయంత్రం కొట్టుకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరో ఒకాయన గిటారు కావాలని వచ్చేడు. దీపాలు పెట్టే ఏళ. నేను ఇంటికెల్లిపోయేను."

"మీ ఆయన ఇంటికి రాలేదా?"

"పనుందని కొట్లోనే పడుకున్నారు. పొద్దున్న చర్చికి పిలవడానికొస్తే, నువ్వు నడు, నేనొస్తానన్నారు." చెంగుతో మొహం కప్పుకుంది. "చర్చిలోంచి వచ్చేటప్పటికి పొగ."

"శవాన్ని ఎలా గుర్తుపట్టారు?"

"ఉంగరం... ఆ బెల్టు కూడా ఆయనదే." మళ్ళీ పెద్దగా ఏడుపు అందుకుంది. ఇంక ఆమెని అడగడం న్యాయం కాదనిపించింది.

గణపతిరావు కొట్లోకి నడిచాడు. వెనకే బంగార్రాజూ వచ్చాడు. ముందు గదికి నిప్పు తగల్లేదు. హార్మోనియంలు బట్ట కప్పుకుని అలాగే ఉన్నాయి. అద్దాల బీరువాలో తీగల సెట్లు, మీటుడు బిళ్ళలు, తోలు పట్టీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గోడకి ఆరు కొక్కేలు. అయిదింటికే గిటార్లున్నాయి.

"ఒకటి పోయింది," అన్నాడు గణపతిరావు.

"అమ్మేసుంటాడు."

"లేదు. అది నాది. పనస గిటారు. దాని పెట్టె కూడా లేదు."

"అయితే దొంగతనం అనకండి. కలకత్తా సరుకంతా ఇక్కడే తళతళలాడుతుంటే దొంగోడు సాదా గిటారు పట్టికెల్తాడేటి?"

"అదే నేను చెప్పేది. తీసుకెళ్ళినవాడు కళ్ళతో చూసి ఎంచుకోలేదు, చెవులతో ఎంచుకున్నాడు. ఈ ఆరింట్లో మంచిది ఏదో అతనికి తెలుసు."

బంగార్రాజు ఒక్క క్షణం ఆలోచించి తొడ చరిచాడు. "తెలిసినోడు తోమాయే కదండీ! తన సేత్తో సేసింది, తన పేరు కోసం గొడవాడింది, తనే పట్టుకుపోయేడు. థాంక్సండీ డిటెక్టివ్ గారూ! పంచనామాలో ఈ పాయింటు కూడా రాయించీసుకుంటాను."

గుమ్మం దగ్గర మూగినవాళ్ళు గొల్లుమన్నారు. గణపతిరావుకి చెవులు వేడెక్కాయి. తను విప్పిన ముడితోనే తోమా మెడకి ఉరి బిగించాడు ఆ మనిషి. వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

అది తోమా పనిచేసే గది. చెక్క పొట్టు, జిగురు కుండలు, సగం చెక్కిన దండి, అన్నీ నల్లబడి నీళ్ళల్లో తేలుతున్నాయి. ఇరుగుపొరుగువాళ్ళు బిందెలతో పోసిన నీళ్ళు ఇంకా కారుతున్నాయి. మధ్యలో తడి దుప్పటి కింద శవం బోర్లా పడి ఉంది. నిప్పు తల దగ్గరే మొదలైంది. మొహం, వీపు, కుడి చెయ్యి గుర్తుపట్టడానికి వీల్లేకుండా పోయాయి. కాళ్ళూ నడుమూ మిగిలాయి. నడుముకి బెల్టు ఉంది.

గణపతిరావు దుప్పటి తొలగించాడు. పోయిన వారం తన చేతిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు సాగదీసి చూసిన మనిషిని అలా చూడటం అతనికి చేతకాలేదు. ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచి, వంగాడు.

ఎడమ చెయ్యి ఛాతీ కింద ఇరుక్కుని ఉంది. కానిస్టేబుల్ని పిలిచి శవాన్ని కాస్త ఒరిగించమన్నాడు. చెయ్యి బయటికి వచ్చింది. దానికి సెగ తగల్లేదు. ఉంగరపు వేలికి రాగి కలిసిన బంగారు ఉంగరం. అది వేలి మొదటికి దిగలేదు, మధ్య కణుపు దగ్గరే ఇరుక్కుపోయింది. బలవంతంగా తోసినట్టు అక్కడ చర్మం గీసుకుపోయింది.

గణపతిరావు ఇంకా దగ్గరికి జరిగాడు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. చూపుడు వేలి కొస నొక్కాడు. మెత్తగా ఉంది. నడిమి వేలు నొక్కాడు. మెత్తగా ఉంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఎక్కడా కాయ లేదు, గీత లేదు. తడికి నానిందేమోనని జేబురుమాలుతో తుడిచి మళ్ళీ చూశాడు. తీగ అన్నది జన్మలో ముట్టని వేళ్ళు.

ఆ చేతిని వదిలేసి గోడకి జారబడ్డాడు. కానిస్టేబుల్, "ఏటయిందండీ?" అని అడిగినా వినపడలేదు. ఇంతసేపూ ఎవరి కోసం బాధపడ్డాడో ఆ మనిషి ఇక్కడ లేడు. ఈ దుప్పటి కింద ఉన్నది ఎవరో, పేరూ ఊరూ తెలియని మనిషి.

బయట కేకలు వినిపించాయి. తోమాని జీపు ఎక్కిస్తున్నారు. అతని భార్య అప్పలమ్మ జ్వరంతో ఉన్న పిల్లని భుజాన వేసుకుని జీపు చక్రానికి అడ్డం పడింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆమెని లాగుతున్నారు.

గణపతిరావు బంగార్రాజుని పక్కకి పిలిచి చెవిలో చెప్పి ఉండొచ్చు. తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు, అలా చెప్పి ఉండవలసిందని. కాని అప్పుడతని చెవుల్లో ఇందాకటి నవ్వులు ఇంకా మోగుతున్నాయి. అరుగు మీదికి వచ్చి, వీధంతా వినపడేలా అడిగాడు.

"బంగార్రాజు గారూ! తోమాని ఎవర్ని చంపినందుకు తీసుకెళ్తున్నారు?"

"మతి గాని పోయిందేటి? దయాసాగర్ని!"

"దయాసాగర్ చావలేదు."

అప్పలమ్మని లాగుతున్న కానిస్టేబుళ్ళు ఆగిపోయారు.

"తోమా, నీకు గిటారు వాయించడం వచ్చు కదా? నీ ఎడమచెయ్యి వేళ్ళతో ఆ జీపు మీద కొట్టు," అన్నాడు గణపతిరావు.

తోమా అర్థం కాక చూశాడు. సంకెళ్ళతోనే చెయ్యి ఎత్తి జీపు రేకు మీద కొట్టాడు. టకటకమని గట్టిగా మోగింది.

"విన్నారా? అప్పుడప్పుడు వాయించేవాడి వేళ్ళే అలా ఉన్నాయి. దయాసాగర్ ఊహ తెలిసినప్పట్నుంచీ తీగ మీద బతికినవాడు. లోపల పడున్న మనిషి వేళ్ళు దూదిలా ఉన్నాయి. ఆ ఉంగరం వాడిది కాదు, వేలికి దిగనే లేదు. ఎవరో తొడిగారు. ఇన్‌స్పెక్టరు గారూ, నేను చెప్పడమెందుకు? వెళ్ళి మీరే ముట్టుకుని చూడండి."

బంగార్రాజు విసవిసా లోపలికి వెళ్ళాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు అతని మొహంలో రక్తం లేదు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"సంకెళ్ళు తియ్యండ్రా," అన్నాడు చిన్న గొంతుతో. "ఒరే తోమా, ఊరు ఇడిసి ఎల్లకు."

వీధి ఒక్కసారిగా గోలెత్తింది. బతికే ఉన్నాడంట, దయాసాగర్ గారు బతికే ఉన్నారంట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అప్పలమ్మ కూలబడి దేవుణ్ణి తలుచుకుంది. ఎవరో గణపతిరావు చెయ్యి పట్టుకుని ఊపారు. గెలిచినవాడి సంతోషం అతని ఒళ్ళంతా పాకింది. ఆ సంతోషంతోనే కృపామణి వైపు తిరిగాడు.

ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె ఏడవడం లేదు. నవ్వడమూ లేదు. చెంప మీద కొట్టించుకున్న మనిషిలా అతని వైపే చూస్తోంది. మంగాయమ్మ చెయ్యి విదిలించుకుని లేచి, కొట్లోకి రమ్మని కళ్ళతోనే పిలిచింది. గిటార్ల గది తలుపు దగ్గరగా వేసింది.

"ఎంత పని సేసేరు బాబూ!" అంది. "ఎంత పని సేసేరు!"

"మీకు ముందే తెలుసు," అన్నాడు గణపతిరావు.

"నాకు తెలీకపోవడమేటి? ఆ ఉంగరం తోసింది నేనే."

నిలబడలేక హార్మోనియం పెట్టె మీద కూర్చుంది. గొంతు తగ్గించి గబగబా చెప్పుకుపోయింది. దయాసాగర్ పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. రైల్వేవాళ్ళ డాన్సులకి గిటారు వాయించేవాడు. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు ఒక మనిషిని కళ్ళెదట పొడిచి చంపారు. చూసిన మిగతావాళ్ళు నోరు మూసుకున్నారు. దయాసాగర్ ఒక్కడు కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పాడు. అన్నదమ్ములు జైలుకి పోయారు, అతను భార్యని తీసుకుని ఇంత దూరం వచ్చేశాడు. ఈ ఏడు వాళ్ళు విడుదలయ్యారు.

"నిన్న ఒకడు లోపలికొచ్చేడు. గిటారు కావాలన్నాడు. ఈయన ఒకటి సేతికిచ్చేరట. గిటారు కొనేవాడు గిటారు వంక సూడాలి కదా బాబూ? ఆడు ఈయన మొహమే సూస్తన్నాడట. అప్పుడు పోల్చుకున్నారు. ఆడు కత్తి తీసేడు. ఈయన సేతికందిన ఇనపముక్కతో కొట్టేరు. ఒక్కటే దెబ్బ. నేను అన్నం పట్టుకుని వచ్చేటప్పటికి ఆ రక్తంలో కూకుని ఉన్నారు."

"పోలీసులకి చెప్పవలసింది."

"పోలీసులకీ కోర్టుకీ సెప్పినందుకే కదా బాబూ ఇదంతా?" ఆమె చూపుకి గణపతిరావు తల దించుకున్నాడు. "పైగా రెండోవాడు ఊళ్ళోనే ఉన్నాడు. ఈయన సచ్చిపోయేడనుకుంటే ఆడు ఎల్లిపోతాడు. తమ్ముడు పని ముగించి పారిపోయేడనుకుంటాడు. అందుకే ఇలా సేసేం. చర్చి గంట కొట్టేక నిప్పెట్టి, పెరటి దారంట ఎల్లిపోయేరు. మీ గిటారు పట్టికెల్లొద్దని ఎంత సెప్పినా ఇన్నేదు. అది నేకుండా బతకనేనన్నారు."

"తోమా సంగతి?"

"యాక్సిడెంటనుకుంటారనుకున్నాం. తోమా అన్నని పట్టుకుంటారని కలలో కూడా అనుకోనేదు. పొద్దుట్నుంచీ నా లోపల ఏటవుతందో ఆ ప్రభువుకే తెలుసు. నోరిప్పితే ఆయన పోతారు, ఇప్పకపోతే తోమా అన్న పోతాడు."

గణపతిరావు ఆమె దగ్గరికి జరిగాడు. "ఆ రెండోవాడు... ఎలా ఉంటాడో తెలుసా?"

"ఈదిలోనే ఉన్నాడు కదా బాబూ! ఎదర సోడా కొట్టు కాడ, గులాబీరంగు సొక్కా. పొద్దుట్నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆడు సూడాలనే నేను అరుగు మీద కూకుని అంత ఏడుపు ఏడిసేను."

గణపతిరావుకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తను అరుగెక్కి అరిచి చెప్పింది ఎవరికి? బతికున్నది దయాసాగర్ అని, లోపల కాలి పడున్నది నీ తమ్ముడేనని చెప్పి, ఆ హంతకుడికి దయాసాగర్‌ని చేతులారా అప్పగించాడు. ఒక్క అడుగులో కిటికీ దగ్గరికి వెళ్ళాడు. సోడా కొట్టు దగ్గర జనం గుంపుగా ఉన్నారు. తెల్లచొక్కాలున్నాయి, పంచెలున్నాయి. గులాబీరంగు ఎక్కడా లేదు.

"దయాసాగర్ ఎక్కడున్నాడు?"

ఆమె తలుపు వైపు చూసి, పెదవులు కదిలీ కదలకుండా చెప్పింది. "దేవరాపల్లి. నా తోడబుట్టిన అప్ప చిన్నతల్లి ఇంట్లో. ఎవరికీ తెలీదు బాబూ. ఆడికెలా తెలుస్తాది?"

నిజమే. వాడికెలా తెలుస్తుంది? గణపతిరావు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకా టైముంది. బంగార్రాజుతో మాట్లాడి, ఈసారి చెవిలోనే మాట్లాడి, మనుషుల్ని పంపొచ్చు. తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

అరుగు కింద తోమా మణికట్లు రుద్దుకుంటూ, ఒకేసారి ఏడుస్తూ నవ్వుతూ అందరికీ దణ్ణాలు పెడుతున్నాడు. గణపతిరావుని చూడగానే కాళ్ళ మీద పడబోయాడు.

"లే, తోమా. ఇక్కడ గులాబీరంగు చొక్కా మనిషి నిలబడ్డాడు. ఎటు పోయాడో చూశావా?"

"సూడ్డమేటి బాబూ, నన్ను కౌగిలించుకుని ఏడిసేడు! దయాసాగర్ గారి పాత స్నేహితుడంట. ఖరగ్‌పూర్ నుంచి ఈయన్ని సూద్దారని వచ్చేడంట. నా ప్రాణ స్నేహితుడు బతికే ఉన్నాడా, ఎక్కడుంటాడు, ఒక్కసారి సూసి పోతానని నా గెడ్డం పట్టుకు బతిమాలేడు. నాకు మాత్రం ఏటి తెలుసు? కానీ ఆయనకి ఎవరున్నారు బాబూ, దేవరాపల్లిలో వదినగారు తప్ప? ఇల్లు గుర్తులు కూడా సెప్పేను. మోటారు సైకిలు మీద ఎల్లేడు."

అని, తను చేసిన మేలుకి ఒక మంచిమాట కోసం ఎదురుచూస్తున్నట్టు నవ్వుతూ నిలబడ్డాడు.

గణపతిరావు పరుగెత్తాడు. బంగార్రాజు జీపు అప్పుడే కదలబోతోంది. దానికి ఎదురుగా వెళ్ళి రెండు చేతులూ రేకు మీద ఆనించాడు.

"దేవరాపల్లి పోనివ్వండి. ఇప్పుడే. దారిలో చెబుతాను."

"ఆర్డరేటండీ?"

"కాదు. బతిమాలుతున్నాను, బంగార్రాజు గారూ."

బంగార్రాజు ఆ మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో, ఇంకొక్క మాట అడగలేదు. సీటులో పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఎక్కండి."

జీపు మలుపు తిరిగింది. దేవరాపల్లి రోడ్డు మీద మోటారు సైకిలు లేపిన దుమ్ము అప్పటికే అణిగిపోయింది.